రాశి మీద ముద్ర

2003 నవంబరు 20, గురువారం సాయంత్రం. డెబియన్ అనే లైనక్స్‌ను తయారుచేసి ఉచితంగా పంచిపెట్టే స్వచ్ఛంద బృందం సర్వర్లలో ‘మాస్టర్’ అనే యంత్రం ఉన్నట్టుండి తడబడసాగింది. వ్యవస్థకు గుండెకాయ అయిన కెర్నల్ పదేపదే దోష సందేశాలు ఇస్తోంది. ఒక్క యంత్రమే అయితే మెమరీ చిప్ పాడైందేమో అనుకోవచ్చు. కానీ ‘మర్ఫీ’ అనే ఇంకో యంత్రమూ అదే పాట అందుకుంది. రెండు యంత్రాలకు ఒకేసారి ఒకే జబ్బు రావడం అనుమానించాల్సిన సంగతే. ఇంచుమించు అదే సమయానికి, ఆ బృందం సర్వర్లలో కొన్నిటి మీద కాపలా ఉంచిన ‘ఎయిడ్’ అనే చిన్న ప్రోగ్రాము రెండు ముక్కలు చెప్పింది. ఒకటి: ఎస్‌బిన్ డైరెక్టరీలోని ‘ఇనిట్’ ఫైలు మారిపోయింది. రెండు: అమెరికన్ ఇంగ్లీషు సెట్టింగులు ఉండే డైరెక్టరీ మీది తేదీలు మారాయి.

ఇనిట్ అంటే యంత్రం లేవగానే కెర్నల్ నడిపే మొట్టమొదటి ప్రోగ్రాము. ఇంటికి మొదటి గుంజ లాంటిది. దాన్ని ఆ రోజు బృందంలో ఎవరూ మార్చలేదు, మార్చే పనీ లేదు. ఆరా తీస్తే తేలిందేమిటంటే, ముందురోజు ఎవరో ఒక డెవలపర్ పాస్‌వర్డును దారిలో దొంగిలించి లోపలికి వచ్చారు, కెర్నల్‌లో అప్పటికింకా చాలామందికి తెలియని ఒక లోపం పట్టుకుని రూట్ అధికారం, అంటే యంత్రం మీద సర్వాధికారం, సంపాదించారు, తమ జాడ దాచిపెట్టే సకిట్ అనే రూట్‌కిట్‌ను దించారు. మొత్తం నాలుగు యంత్రాలు వాళ్ళ చేతికి చిక్కాయి. ప్రపంచమంతా డౌన్‌లోడ్ చేసుకునే ప్యాకేజీల భాండాగారం మాత్రం చిక్కలేదు.

ఇక్కడ ఎయిడ్ చేసిన ఘనకార్యం ఏమిటి? దొంగను పట్టుకోలేదు, అడ్డుకోలేదు, గుర్తుపట్టనూ లేదు. ‘నిన్న ఇలా ఉంది, ఇవాళ ఇలా లేదు’ అన్నది, అంతే. కంప్యూటర్ భద్రత అనగానే మనకు గోడలు, తాళాలు, కాపలావాళ్ళు గుర్తొస్తారు. ఈ వ్యాసం వాటి గురించి కాదు, పద్దు పుస్తకం గురించి. ఏ ఫైలు ఎలా ఉండాలో ముందే రాసి పెట్టుకుని, ఉన్నదాన్ని రాసినదానితో రోజూ సరిచూసే పని గురించి. ఆఫీసుల్లో దీన్ని కంప్లయన్స్ అంటారు. ఆ మాట వినగానే సగంమందికి ఆవులింత వస్తుంది, నాకూ వచ్చేది.

కళ్ళంలో తూర్పారబట్టిన ధాన్యాన్ని రాశి పోశాక, కొలతలు అయ్యేదాకా దాని మీద బూడిదతో ముద్రలు వేసే అలవాటు ఒకప్పుడు ఉండేది. ఆ ముద్ర ఎవరినీ ఆపదు. చెయ్యి పెడితే గింజలు వస్తాయి. కానీ ఒక్క దోసెడు తీసినా ముద్ర చెదురుతుంది, పొద్దున వచ్చిన రైతుకు తెలిసిపోతుంది. యూనిక్స్ ఫైళ్ళ తనిఖీ అంతా ఆ బూడిద ముద్రే.

ముద్ర దేనిమీద వేయాలో తెలియాలంటే యూనిక్స్ అనుమతుల లెక్క కొంచెం తెలియాలి. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలుపెట్టిన ఈ వ్యవస్థ ఇవాళ బ్యాంకు సర్వర్లలో ఉంది, మాక్ కంప్యూటర్లలో ఉంది, దాని వరసైన లైనక్స్ మీ జేబులోని ఆండ్రాయిడ్ ఫోనులో ఉంది. అన్నిచోట్లా పద్ధతి ఒకటే. ప్రతి ఫైలుకూ ఒక యజమాని, ఒక గుంపు ఉంటారు. ఈ రెంటికీ చెందనివాళ్ళంతా ‘ఇతరులు’. ముగ్గురికీ మూడేసి ప్రశ్నలు: చదవచ్చా, రాయచ్చా, నడపచ్చా. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1 అని మార్కులు వేసి కూడితే ఒక్కొక్కరికి ఒక్కో అంకె వస్తుంది. 644 అంటే యజమాని చదవచ్చు, రాయచ్చు. గుంపు, ఇతరులు చదవడం వరకే. 600 అంటే యజమానికి తప్ప ఇంకెవరికీ సంబంధం లేదు. 777 అంటే తలుపులు బార్లా తీసిన సత్రం.

ఫైళ్ళ వరకు ఇది ఎవరికైనా పది నిమిషాల్లో అర్థమవుతుంది. తిరకాసంతా డైరెక్టరీల దగ్గర. డైరెక్టరీ అంటే ఫైళ్ళు పెట్టుకునే పెట్టె అనుకుంటాం. కాదు. అది అపార్ట్‌మెంటు గేటు దగ్గర ఉండే పేర్ల బోర్డు లాంటిది. ఫలానా పేరు, ఫలానా ఫ్లాటు నంబరు, అంతే. యూనిక్స్‌లో ఆ ఫ్లాటు నంబరును ఐనోడ్ అంటారు. డైరెక్టరీ మీద ‘రాసే’ అనుమతి ఉందంటే బోర్డు మీద పేర్లు చెరిపి కొత్తవి రాసే అనుమతి ఉన్నట్టు. ఇప్పుడు మూడో అంతస్తు రావుగారి ఫ్లాటుకు ఎంత గట్టి తాళం వేసినా ఏం లాభం? నేను బోర్డు మీద రావుగారి పేరు చెరిపి, ఆ పేరును నా ఫ్లాటు నంబరు పక్కన రాస్తే కొరియర్ నేరుగా నా ఇంటికే వస్తుంది. రావుగారి తాళం చెక్కుచెదరలేదు. ఆయన పార్సిలు మాత్రం నా దగ్గరుంది.

అచ్చంగా ఇదే యూనిక్స్‌లోనూ జరుగుతుంది. రూట్‌కు చెందిన, 600 అనుమతులున్న ఫైలు అయినా సరే, అది ఉన్న డైరెక్టరీలో రాసే హక్కు నాకుంటే దాన్ని చదవలేను గానీ దాని పేరు తీసేసి, అదే పేరుతో నా ఫైలు పెట్టేయగలను. అందుకే ఒక ఫైలును తనిఖీ చేయడమంటే ఆ ఒక్క ఫైలును చూడడం కాదు. అది ఉన్న డైరెక్టరీని, దాని పై డైరెక్టరీని, అలా మూలం దాకా మెట్టు మెట్టూ చూడడం. తనిఖీ స్క్రిప్టులు రాసేవాళ్ళు ఎక్కువగా మరిచిపోయేది ఈ మెట్లనే. దూరం నుంచి లాగిన్ కానిచ్చే ఎస్‌ఎస్‌హెచ్ సర్వరు మాత్రం మరిచిపోదు. మీ తాళంచెవుల ఫైలు ఒక్కటీ భద్రంగా ఉంటే దానికి చాలదు, మీ హోమ్ డైరెక్టరీలో ఇతరులు రాయగలిగేలా ఉన్నా ఆ తాళంచెవిని ఒప్పుకోదు. అమీర్‌పేటలో క్లౌడ్ కోర్సు చేసిన పిల్లల్ని అడగండి. కొత్తగా దించుకున్న ‘పెమ్’ ఫైలుతో సర్వరులోకి వెళ్ళబోతే, వాళ్ళ కంప్యూటర్లోని ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామే నీ రహస్య తాళంచెవి అందరూ చదివేలా పడుందని పెద్ద అక్షరాలతో తిట్టి వెనక్కి పంపిన అనుభవం అందరికీ ఉంటుంది. 400కు మార్చాకే ముందుకు పోనిస్తుంది. వాళ్ళకు తెలియకుండానే వాళ్ళు ఎదుర్కొన్న మొదటి కంప్లయన్స్ తనిఖీ అది.

అందరూ రాసుకోవలసిన డైరెక్టరీ ఒకటి ఎలాగూ తప్పదు, తాత్కాలిక ఫైళ్ళు పెట్టుకునే ‘టెంప్’. దానికి 1777 పెడతారు. ముందున్న ఆ 1 పేరు స్టికీ బిట్. బోర్డు మీద ఎవరైనా తమ పేరు రాసుకోవచ్చు గానీ పక్కవాడి పేరు చెరపకూడదని దాని అర్థం. ఆ 1 రాలిపోయి ఉత్త 777 మిగిలిందంటే తనిఖీ గట్టిగా అరవాలి.

పేర్ల బోర్డు మార్చేవాడు ఎంత దూరం వెళ్ళగలడో చెప్పే కథ ఒకటుంది. 1986లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రవేత్తకు, పరిశోధన నిధులు అయిపోతే, కంప్యూటర్ విభాగంలో పని ఇచ్చారు. అప్పట్లో కంప్యూటర్ వాడిన సమయానికి డబ్బు కట్టాలి. ఆ నెల లెక్కల్లో 75 సెంట్లు తేడా వచ్చింది. ఆ ముప్పావు డాలరు ఎక్కడ పోయిందో చూడమన్నారు. చూస్తూ చూస్తూ వెళితే దారి జర్మనీలోని హానోవర్‌లో ఉన్న మార్కుస్ హెస్ అనే యువకుడి దాకా పోయింది. అతను అమెరికా సైనిక కంప్యూటర్లలో దూరి, దొరికిన సమాచారాన్ని సోవియట్ కేజీబీకి చేరేసే ముఠాలో ఒకడు.

లోపలికి ఎలా వచ్చాడన్న సంగతి మన విషయానికి సరిగ్గా సరిపోతుంది. ఈమ్యాక్స్ అనే ఎడిటర్‌తో పాటు ‘మూవ్‌మెయిల్’ అని ఒక చిన్న ప్రోగ్రాము వచ్చేది. వచ్చిన ఉత్తరాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరపడం దాని పని. ఆ ప్రయోగశాలలో దానికి రూట్ అధికారం ఇచ్చి పెట్టారు. అది ఎక్కడికి జరపమన్నారో, అడిగినవాడికి అక్కడ హక్కుందో లేదో చూసుకోదు. హెస్ దాంతో ఒక దొంగ ఫైలును వ్యవస్థ డైరెక్టరీలోకి జరిపించాడు. ఏ పేరుతో? ‘ఎట్‌రన్’ అనే పేరుతో. అసలు ఎట్‌రన్‌ను వ్యవస్థే అయిదు నిమిషాలకోసారి రూట్ అధికారంతో నడుపుతుంది. అయిదు నిమిషాలు ఆగితే చాలు, కంప్యూటర్ తన చేత్తో తానే దొంగ ప్రోగ్రామును పొదిగి పిల్లను చేసింది. పని కాగానే అసలు ఫైలును యథాస్థానంలో పెట్టేశాడు. కాకి గూట్లో కోయిల గుడ్డు. స్టోల్ 1989లో రాసిన పుస్తకానికి పేరు కూడా కోయిల గుడ్డు అనే అర్థంలోనే పెట్టాడు.

అయిదు నిమిషాల పాటు మారి మళ్ళీ మామూలైపోయిన ఫైలును రాత్రికొక్కసారి చూసే తనిఖీ పట్టుకోగలదా? విషయాలను పోల్చితే పట్టుకోలేదు, అవి మళ్ళీ అసలువే. కానీ యూనిక్స్ ఒక మేలు చేసింది. ప్రతి ఫైలుకూ రెండు ముఖ్యమైన తేదీలుంటాయి. ఎంటైమ్ అంటే లోపలి విషయం మారిన సమయం. దాన్ని ‘టచ్’ అనే కమాండుతో ఫైలు యజమానో, రూటో వెనక్కి తిప్పవచ్చు. సీటైమ్ అంటే ఆ ఫైలు గురించి ఐనోడ్‌లో ఏ ముక్క మారినా కెర్నల్ వేసే ముద్ర. దాన్ని వెనక్కి తిప్పే కమాండు లేదు. యంత్రం గడియారాన్నే తిప్పాలి, లేదా డిస్కును నేరుగా కెలకాలి. డైరెక్టరీ ఎంటైమ్ మారిందంటే లోపల పేరేదో చేరింది, లేదా పోయింది. మొదట్లో చెప్పిన డెబియన్ హెచ్చరికలో రెండో ముక్క ఇదే. అసలేం జరిగిందో అది చెప్పలేదు, బోర్డు మీద ఎవరో చెయ్యి పెట్టారని మాత్రం చెప్పింది.

మూవ్‌మెయిల్‌కు ఇచ్చిన ఆ రూట్ అధికారం పేరు సెట్‌యూఐడీ. దీన్ని కనిపెట్టినవాడు డెనిస్ రిచీ; 1973లో దరఖాస్తు చేస్తే 1979లో పేటెంటు వచ్చింది. ఆలోచన అందమైనది. మీరు మీ పాస్‌వర్డు మార్చుకోవాలి. పాస్‌వర్డు గుర్తులుండే షాడో ఫైలును మీరు ముట్టుకోకూడదు. మరెలా? పాస్‌వర్డు మార్చే ప్రోగ్రాము మీద ఈ బిట్ పెడితే, దాన్ని నడిపింది మీరే అయినా అది దాని యజమాని, అంటే రూట్, హోదాలో పనిచేస్తుంది. గుళ్ళో దేవుణ్ణి మీరు ముట్టుకోరు, పూజారి చేత హారతి ఇప్పిస్తారు, అలాగన్నమాట. చిక్కల్లా పూజారి ఏమరుపాటులో ఉంటేనే.

ఆ ఏమరుపాటు పన్నెండేళ్ళకు పైగా కొనసాగిన సందర్భం కూడా ఉంది. ‘పీకే ఎగ్జెక్’ అనే సెట్‌యూఐడీ ప్రోగ్రాము పేరున్న లైనక్సులన్నిటిలోనూ ఉంటుంది. 2009 మేలో వచ్చిన మొదటి కూర్పు నుంచీ అందులో ఒక లోపం ఉంది. మామూలు యూజర్ ఎవరైనా దాంతో రూట్ కాగలడు. 2022 జనవరి 25న క్వాలిస్ అనే సంస్థ పరిశోధకులు బయటపెట్టేదాకా లోకానికి తెలియదు. సరిచేసిన కూర్పు వేసుకునేలోగా వాళ్ళు చెప్పిన తాత్కాలిక చికిత్స ఒక్క లైను: ఆ ఫైలు అనుమతుల్లోంచి సెట్‌యూఐడీ బిట్ తీసేసి 755 చేయండి. తమ యంత్రాల్లో సెట్‌యూఐడీ ప్రోగ్రాములు ఏవేవి ఉన్నాయో జాబితా రాసి పెట్టుకున్నవాళ్ళకు అది అయిదు నిమిషాల పని. జాబితా లేనివాళ్ళు ముందు వెతుక్కోవాలి. మామూలు సర్వరులో ఇలాంటివి మహా అయితే కొన్ని పదులుంటాయి. ‘ఫైండ్’ కమాండుకు 4000 అని చెబితే ఏరి ఇస్తుంది. ఆ జాబితాలోకి రాత్రికి రాత్రి కొత్త పేరు చేరిందంటే అంతకన్నా పెద్ద వార్త ఉండదు.

ఈ పద్దు చూసే పనిని మనిషి చేతుల్లోంచి ప్రోగ్రాముకు అప్పగించిన ఘనత ఎక్కువగా అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయానిది. 1988 నవంబరు 2న రాబర్ట్ టాపన్ మోరిస్ వదిలిన పురుగు, అంటే తనను తాను నకలు చేసుకుంటూ పాకే ప్రోగ్రాము, వేల యూనిక్స్ యంత్రాలను కుదేలు చేసింది. దాన్ని కోసి చూసినవాళ్ళలో పర్డ్యూ ఆచార్యుడు జీన్ స్పాఫర్డ్ ఒకడు. ఆ తర్వాత డాన్ ఫార్మర్‌తో కలిసి ‘కాప్స్’ తెచ్చాడు. ప్రమాదకరమైన అనుమతులు, తేలిక పాస్‌వర్డులు వెతికే చిన్న చిన్న స్క్రిప్టుల కట్ట అది. తప్పు చూపిస్తుంది, సరిచేయదు. ఆ నిగ్రహం నాకు నచ్చుతుంది. తనంతట తాను సరిదిద్దే తనిఖీ ఒకరోజు సరిగ్గా ఉన్నదాన్ని కూడా దిద్దేస్తుంది. పురుగు వచ్చిన నాలుగేళ్ళకు, 1992 నవంబరులో, జీన్ కిమ్ అనే విద్యార్థితో కలిసి స్పాఫర్డ్ ‘ట్రిప్‌వైర్’ విడుదల చేశాడు. అది తర్వాత వాణిజ్య సరుకైతే, దానికి బదులుగా 1999లో ఫిన్లాండ్‌లో పుట్టిన ఉచిత ప్రోగ్రామే ఎయిడ్.

ట్రిప్‌వైర్ చేసింది బూడిద ముద్ర వేయడమే. ఆ బూడిద పేరు హాష్. ఫైలు ఎంత పెద్దదైనా దాన్ని గణిత గానుగలో వేసి ఆడితే నిర్ణీత పొడవున్న ఒక సంఖ్య వస్తుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే షా 256లో ఆ పొడవు 256 బిట్లు, కాగితం మీద 64 అక్షరాలు. ఫైలులో ఒక్క కామా మారినా ఆ 64 అక్షరాల వరస గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. ముద్ర చెదరకుండా గింజలు తీయడం ఎవరికీ చేతకాకూడదు, హాష్‌కు ఉండవలసిన గుణం అదొక్కటే. 1991లో రాన్ రివెస్ట్ రూపొందించిన ఎండీ 5 కొన్నాళ్ళు ఆ పని చేసింది. 2004లో షావ్‌యున్ వాంగ్ అనే చైనా గణితవేత్త, ఆమె సహచరులు ఒకే ముద్ర పడే రెండు వేర్వేరు రాశులు పోసి చూపించారు. షా 1కు 2017లో అదే గతి పట్టింది. ట్రిప్‌వైర్ కర్తలు ముందుచూపుతో ఒక్కో ఫైలుకు పలు రకాల ముద్రలు వేసుకునే వీలు పెట్టారు. ఒకటి కరిగినా ఇంకోటి నిలుస్తుందని.

పనిముట్లు ఇలా ముప్పయ్యేళ్ళుగా సిద్ధంగా ఉన్నాయి. అసలు కష్టం నియమాలు రాయడంలో ఉంది. సెంటర్ ఫర్ ఇంటర్నెట్ సెక్యూరిటీ అనే అమెరికన్ సంస్థ ప్రచురించే బెంచ్‌మార్కులు చాలామందికి ఆధారం. పాస్‌వర్డ్ ఫైలు 644, షాడో ఫైలు 640 లేదా అంతకన్నా కట్టుదిట్టం, అలా సాగుతాయవి. ‘అంతకన్నా కట్టుదిట్టం’ అనే మాట దగ్గరే తెలివైనవాళ్ళు బోర్లా పడతారు. స్క్రిప్టులో ఏం రాస్తారంటే, అనుమతుల అంకె 640 కన్నా తక్కువో సమానమో అయితే పాస్. వినడానికి బాగానే ఉంది. ఇప్పుడు షాడో ఫైలుకు 604 పెట్టి చూడండి. 604 అనేది 640 కన్నా చిన్న సంఖ్యే, స్క్రిప్టు నవ్వుతూ పాస్ అంటుంది. చివరి 4ను చూడండి. యంత్రంలోకి వచ్చిన ప్రతివాడూ ఆ ఫైలు చదవచ్చు. ఇవి ఎక్కువతక్కువలు పోల్చే సంఖ్యలు కావు, తొమ్మిది స్విచ్చుల వరస. అడగాల్సిన ప్రశ్న ఒకటే: వెలగకూడని స్విచ్చు ఏదైనా వెలుగుతోందా? 640లో లేని బిట్ ఏదైనా అసలు ఫైలులో ఉంటే ఫెయిల్. రెడ్ హ్యాట్ అనే లైనక్స్ తయారుచేసేవాళ్ళు షాడో ఫైలుకు ఏకంగా 000 పెడతారు. రూట్‌కు ఈ స్విచ్చులతో పనిలేదు గనుక వాళ్ళ పని ఆగదు. 640కి సమానం కాదని దాన్ని ఫెయిల్ చేసే తనిఖీ కూడా తప్పే.

యజమాని లేని ఫైళ్ళ సంగతీ చూడాలి. ఉద్యోగి మానేశాడు, అతని ఖాతా తీసేశారు. ఫైళ్ళు మాత్రం ఉండిపోయాయి. యూనిక్స్ ఫైలు మీద రాసేది పేరు కాదు, నంబరు. ఉదాహరణకు 1007. ఆర్నెల్ల తర్వాత కొత్తమ్మాయి చేరితే ఆమె ఖాతాకు ఖాళీగా ఉన్న 1007నే కేటాయించారనుకోండి, మానేసినవాడి ఫైళ్ళన్నీ ఆమెవైపోయాయి. ఎవరూ దొంగతనం చేయలేదు, ఎవరూ ఇవ్వలేదు. ఇల్లు ఖాళీ చేసినవాడి ఉత్తరాలు కొత్త అద్దెకున్నవాళ్ళు చదువుకున్నట్టు.

లాగ్ ఫైళ్ళకు వేరే నియమం కావాలి. అవి రోజూ మారతాయి, మారాలి. వాటి మీద హాష్ వేస్తే రోజూ గంట మోగుతుంది. వాటిని ‘పెరుగుతూ ఉండాలి, తగ్గకూడదు’ అని చూడాలి. ఎయిడ్‌లో దానికి ప్రత్యేకంగా ఒక నియమమే ఉంది. నిన్న వెయ్యి లైన్లున్న చిట్టాలో ఇవాళ తొమ్మిది వందలే ఉంటే ఆ వంద లైన్లు ఎవరికి ఇబ్బందో ఆలోచించాలి. పాత లాగును పక్కకు తీసి కొత్తది మొదలుపెట్టే వేళ ఈ నియమం కూడా తప్పుడు గంట కొడుతుంది, ఆ వేళను మినహాయించుకోవాలి.

పద్దు పుస్తకం ఎక్కడ పెడతారన్నది ఇంకో ప్రశ్న. ముద్రల జాబితాను అదే యంత్రంలో, రూట్ రాయగలిగే చోట పెడితే, రూట్ అయిన దొంగ గింజలు తీసి మళ్ళీ బూడిద చల్లి వెళ్తాడు. రాయడానికి వీల్లేని మాధ్యమం మీద పెట్టమని ట్రిప్‌వైర్ కర్తలు మొదట్లోనే చెప్పారు. ఇప్పుడైతే వేరే యంత్రానికి పంపిస్తే సరి. జాబితా రాసే సమయం కూడా ముఖ్యం. వ్యవస్థను కొత్తగా వేసి, నెట్‌వర్కుకు తగిలించకముందే రాయాలి. ఏడాది నుంచి నడుస్తున్న సర్వరు మీద ఇవాళ ముద్ర వేశామంటే, ఈపాటికే లోపల దొంగ ఉంటే, వాణ్ణి కూడా కుటుంబ సభ్యుల్లో రాసుకున్నట్టే. కెర్నల్‌నే లొంగదీసుకున్న రూట్‌కిట్ అయితే తనిఖీ ప్రోగ్రాముకు అబద్ధపు ఫైలు చూపించగలదు. గట్టి అనుమానం ఉన్నప్పుడు డిస్కును తీసి, శుభ్రమైన వేరే వ్యవస్థతో చూడడమే దారి.

ఇవన్నీ చదివి నేనేదో పద్ధతైన మనిషినని అనుకోకండి. ఒకచోట పనిచేసేటప్పుడు రోజూ తెల్లవారుజామున తనిఖీ నివేదిక మెయిల్ వచ్చేది. మొదటి వారం శ్రద్ధగా చదివాను. ప్యాకేజీలు అప్‌డేట్ అయిన రోజు వందల లైన్లు వచ్చేవి. విసుగొచ్చి ఆ మెయిళ్ళన్నీ ఒక ఫోల్డర్‌లోకి దానంతటవే పోయేలా పెట్టుకున్నాను. మూడు నెలల తర్వాత వేరే పని మీద ఆ ఫోల్డర్ తెరిస్తే, ప్రతి మెయిల్లోనూ ఒకే లైను: వెబ్‌సైటు అప్‌లోడ్ డైరెక్టరీ అనుమతులు 777. తొంభై రోజులుగా తనిఖీ అదే మొత్తుకుంటోంది. ఎవరు పెట్టారా అని కోపంగా చరిత్ర తిరగేశాను. నేనే. ఒక శుక్రవారం సాయంత్రం అప్‌లోడ్ పనిచేయట్లేదని ఫోను వస్తే, ‘ముందు ఇలా నడిపించి సోమవారం సరిచేద్దాం’ అనుకున్నాను. ఆ సోమవారం రానే లేదు.

అప్పటినుంచి వరస మార్చాను. అప్‌డేట్ చేయబోయే ముందు ఒకసారి తనిఖీ, తేడా లేదని చూసుకున్నాక అప్‌డేట్, వెంటనే మళ్ళీ తనిఖీ. ఆ రెండోసారి వచ్చిన తేడాలను ప్యాకేజీ జాబితాతో సరిచూసి కొత్త పద్దుగా రాయడం. రెడ్ హ్యాట్ కుటుంబంలో ఆర్‌పీఎం, డెబియన్‌లో డెబ్‌సమ్స్ ఆ సరిచూసే పని చేసి పెడతాయి. ఇలా చేస్తే మామూలు రోజుల్లో నివేదిక ఖాళీగా వస్తుంది. ఖాళీగా వచ్చే నివేదికలో ఒక్క లైను కనబడితే ఎవరైనా చదువుతారు.

ఈ ముద్ర పట్టుకోలేనిది కూడా చెప్పాలి. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో దొంగదారి ఉందని ప్రకటించాడు. ఆ దొంగ కోడు ఎవరి పాస్‌వర్డునూ దొంగిలించి రాలేదు. ప్రాజెక్టు నిర్వాహకుల్లో ఒకరిగా నమ్మకం సంపాదించిన వ్యక్తి ద్వారా, 5.6.0, 5.6.1 కూర్పుల్లో, రాచబాటన వచ్చింది. ఆ కూర్పు వేసుకున్న యంత్రాల్లో ఎయిడ్ ఏమంటుంది? అప్‌డేట్ వచ్చింది, ఫైలు మారింది, ప్యాకేజీ జాబితాతో సరిపోయింది, అంతా సవ్యం అంటుంది. ఫ్రాయిండ్‌కు అనుమానం తెచ్చింది ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పట్టడం. స్టోల్‌కు 75 సెంట్లు, ఇతనికి అర సెకను. ఇద్దరూ లెక్క తేలకపోతే నిద్రపట్టని మనుషులు. అలాంటివాళ్ళను ప్రోగ్రాము రాసి తయారుచేయలేం.

మన దగ్గరా ఇప్పుడు ఇది ఇష్టాయిష్టాల సంగతి కాదు. చెల్లింపు కార్డుల సమాచారం నిల్వచేసే సంస్థలు కీలకమైన ఫైళ్ళను కనీసం వారానికోసారి పోల్చి చూడాలని పీసీఐ ప్రమాణం చెబుతుంది. 2022 ఏప్రిల్ 28న భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడి గమనించిన 6 గంటల్లో తెలియజేయాలి, లాగులు 180 రోజులు దాచాలి. ఆ ఆరు గంటల్లో ‘ఏ ఫైళ్ళు మారాయి’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగేది ముందే పద్దు రాసుకున్నవాళ్ళే.

మీ ఆఫీసులోనో కాలేజీలోనో ఒక యూనిక్స్ సర్వరు మీ చేతికింద ఉంటే, ఈ వ్యాసం పక్కన పెట్టి రెండు పనులు చేయండి. సెట్‌యూఐడీ ఫైళ్ళు ఏవేవి ఉన్నాయో వెతికి ఆ జాబితాను వేరే యంత్రంలో దాచండి. తర్వాత, రాత్రిపూట తనిఖీ నివేదిక ఎవరి మెయిల్‌కు వెళ్తోందో చూడండి. ఆ మనిషి ఇంకా అక్కడ ఉద్యోగం చేస్తున్నాడో లేదో కూడా కనుక్కోండి.